కారు కొనుటలో మేము నేర్చిన పాఠము

బడికి పోయి వచ్చుటకు మాకు దినమునకు 44 కిలోమీటర్ల ప్రయాణము. స్కూటరుమీద వానలో తడియుచు పోవుట మానవలెనని గడచిన సంవత్సరము ఒక పాతకారు కొన నిశ్చయించితిమి. చేతనున్న ధనము మూడు లక్షల రూపాయలు. అది పదియేండ్ల పొదుపు. అయినను మా మనస్సు సామాన్యమైన బండిని కోరలేదు. యౌవనమునుండియు మాకు వేగముపై మక్కువ. కళాశాలలో చదువుచున్న మా కుమారుడు ఆ మక్కువకు ఆజ్యము పోసెను. “నాన్నగారూ, చౌకగా కొని, తరువాత మన కిష్టమైనట్లు మార్పించుకొందము” అని వాని బోధ.

ఇరువురము ఆలోచించి మారుతి స్విఫ్టును ఎంచుకొంటిమి. 2011లో మన దేశమున వెలువడిన రెండవ తరపు పెట్రోలు స్విఫ్టుకు ఇంజను 1197 ఘన సెంటీమీటర్లు. బండి తేలిక యగుటచే ఆ చిన్న ఇంజనే దానిని చురుకుగా లాగును. విడిభాగములును సులభముగా దొరకును.

బజారులో 2014 నాటి కార్లు రెండు చూపిరి. ఒకటి తెల్లనిది, తలుపునకు చిన్న సొట్ట. రెండవది నల్లగా నిగనిగలాడుచు, స్ప్రింగులు కోయించి నేలకు దించబడి, పెద్ద చక్రములతో, గర్జించు సైలెన్సరుతో నుండెను. వెల యొక్కటే. మా చేయి బయానాకై జేబులోనికి పోయెను.

వెంటవచ్చిన ముసలి మేస్త్రి, “మాస్టారూ, ముందు నడిపి చూడండి” అనెను. మొదటి స్పీడుబ్రేకరుకే కారు కడుపు రాచుకొనెను. మలుపులో టైరు మడ్గార్డును ఒరసెను. రిజిస్ట్రేషను పత్రములో రంగు ‘తెలుపు’ అని యుండెను! మోటారు వాహనముల చట్టము (1988) 52వ సెక్షను అట్టి మార్పులను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును దానినే స్థిరపరచినది.

విద్యార్థులారా, టైరుమీది అంకెలు మీరును చదువవచ్చును. 165/80 ఆర్ 14 అనగా వెడల్పు 165 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి 80 వంతులు, రిమ్ము వ్యాసము 14 అంగుళములు. చక్రము మొత్తము వ్యాసము 619.6 మిల్లీమీటర్లు. నల్లకారుకు 205/55 ఆర్ 17 వేసిరి, వ్యాసము 657.3. కావున మీటరు 60 చూపునప్పుడు కారు సుమారు 64 వేగమున పోవును. మీటరు అబద్ధమాడును, నడుపువాడు నమ్మును.

తెల్లకారునే కొంటిమి. కుమారుడు మూతి ముడుచుకొనెను. మిగిలిన సొమ్ముతో బ్రేకుప్యాడులు, షాకబ్జార్బరులు క్రొత్తవి వేయించితిమి. ఆ కారులోనే మేలురకమునకు కంపెనీవారిచ్చు 185/65 ఆర్ 15 టైర్లు తొడిగించితిమి. వ్యాసములో భేదము రెండు మిల్లీమీటర్లైనను లేదు. పట్టుమాత్రము హెచ్చినది. మేము చేయించిన మార్పు లింతియే.

శ్రావణమాసమున ఒకనాడు కుమారుడు నడుపుచుండగా, మా బడి పిల్లవాడొకడు సైకిలుపై సందులోనుండి అడ్డము వచ్చెను. తడిసిన రోడ్డుమీద కారు వానికి బారెడు దూరమున నిలిచెను. పిల్లవాడు నమస్కారము చేసి పోయెను. కుమారుడు చాలసేపు స్టీరింగు పట్టుకొని మౌనముగా నుండి, “నాన్నగారూ, ఆ నల్లకారైన యెడల?” అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

యెష్షయి యింట సమూయేలు ప్రవక్త ఏలీయాబు రూపమును చూచి మోసపోబోయిన సంగతి ఏటేట తరగతిలో చెప్పుచున్నాము. చెప్పుచునే బయానాకై జేబులో చేయి పెట్టిన వారము. ఈ యేడు ఆ పాఠమును చెప్పునప్పుడు మా స్వరము కొంత తగ్గినది.