ఐదు రూపాయల లైను

2022 నవంబరు 14, సోమవారం. ఉస్మానియా ఆస్పత్రి, హైదరాబాదు

నిన్న రాత్రి మా ఆయన్ని ఎముకల వార్డుకి మార్చారు. తొడ ఎముక విరిగింది, రాడ్డు వెయ్యాలట. ఇక్కడ ఆపరేషన్‌కి డబ్బడగరు. ఆయనకి పొద్దున పాలు, బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నం వార్డుకే వస్తాయి. పక్కన కాపలా ఉన్నవాళ్ల కడుపు సంగతి ఎవరికీ పట్టదనుకున్నాను. అఫ్జల్‌గంజ్ హోటల్లో ప్లేటు భోజనం 90 రూపాయలన్నాడు. అత్తమ్మా నేనూ ఇద్దరం, రెండు పూటలు. ఆయన నడిపే ఆటో ఇంటిముందు నిలబడిపోయింది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. కోఠీ పుస్తకాల షాపులో లెక్కలు రాస్తే వచ్చే జీతంతో ఏది కట్టాలి, ఏది ఆపాలి?

పక్క మంచం దగ్గరి పెద్దమ్మది కల్వకుర్తి. కొడుకుని తీసుకొచ్చింది. మేం బిస్కట్లు తినడం చూసి, "గవి తింటె ఎట్ల బిడ్డా? కింద ఐదు రూపాయలకు అన్నం పెడుతున్నరు. నాతోని రా" అంది.

నవంబరు 16

లైన్లో నిలబడేముందు కొంగు సర్దుకున్నాను. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెరుకు. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి అది పోయింది. ఐదు రూపాయల బిళ్ల ఇచ్చాను, ప్లేటు ఇచ్చారు. రేషన్ కార్డు అడగలేదు, ఊరడగలేదు, ఎందుకొచ్చావనడగలేదు. చేతిలోంచి బిళ్ల ఇచ్చాను కాబట్టే తలెత్తి ప్లేటు అందుకున్నాను. ఉచితంగా పెట్టి ఉంటే మొదటిరోజే వెనక్కి తిరిగేదాన్నేమో. అయితే ఆ ఐదూ లేనివాళ్లుంటారు. ఇవాళే ఒకాయన జేబులన్నీ తడుముకుంటుంటే, వెనకున్న కుర్రాడు తన పదినోటు ముందుకు తోసి "ఇద్దరికి" అన్నాడు.

వండి తెచ్చేది హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్ వాళ్లు. మిగతా ఖర్చు ప్రభుత్వానిది. ఈ ఏడాది మే నెలలో నగరంలోని 18 ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగుల సహాయకుల కోసం మొదలైందట, మూడు పూటలా. బయట రోడ్ల పక్కనున్న అన్నపూర్ణ కేంద్రాలు ఇంకా పాతవి. 2014లో నాంపల్లిలో మొదలయ్యాయి, జీహెచ్ఎంసీ వాళ్లవి. వంట మాత్రం ఈ సంస్థదే. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ ఆ ఐదు రూపాయలు కూడా తీసుకోకుండా పెట్టారు. ఆ ఎండల్లో మా బస్తీ మగవాళ్లు సగంమంది తిన్నది ఆ అన్నమే. అప్పుడు వాళ్లు చెబుతుంటే విని ఊరుకున్నాను.

వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. వాళ్ల పద్ధతి అది. సాంబారు వేడిగా, చిక్కగా ఉంది కానీ మన నాలుకకి ఏదో వెలితి. పెద్దమ్మ కొంగుముడి విప్పి ఉల్లిగడ్డ తీసింది. గోడకి ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, పగిలిన పొరలు విడదీసి చుట్టూ ఉన్న అందరి ప్లేట్లలో తలా ఒకటి వేసింది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయనకి, బుర్ఖా వేసుకున్న ఒక చెల్లెకి, నాకు. ఆ చెల్లె తన డబ్బాలోంచి పచ్చిమిరపకాయలు పంచింది. మా ఆయనకి ఆపరేషన్ రేపు. అయినా ఈ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

నవంబరు 20, ఆదివారం

ఇవాళ గేటు దగ్గర తిరనాళ్లలా ఉంది. అరటిపళ్లు పంచేవాళ్లు, బ్రెడ్డు పంచేవాళ్లు, పులిహోర పొట్లాలు. మా దగ్గరే పళ్లు మిగిలిపోయి, కొన్ని నల్లబడ్డాయి. ఒక కుటుంబం కారులోంచి దుప్పట్లు దించింది. ముసలాయన చేతులు చాచి దుప్పటి పట్టుకున్నాడు. ఇచ్చే ఆయన రెండో అంచు వదల్లేదు. ఫొటో సరిగా రాలేదని ఇంకోసారి, ముసలాయన్ని ఇటు తిరగమని మరోసారి. అప్పుడు వదిలాడు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆ దుప్పటి ఈ చలికి ముసలాయన ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ ఆ కాసేపూ ఆయన కళ్లు నేలమీదే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తున్నా వస్తోంది.

నవంబరు 23, బుధవారం

గేటు దగ్గర ఎవరూ లేరు. పండగ కాదు, ఏకాదశి కాదు, ఎవరి పుట్టినరోజూ కాదేమో. ఐదు రూపాయల బండి మాత్రం వేళకి వచ్చింది. ఇంతమంది ఎదురుచూసేది ఆ బండికోసమే. నిన్న ఉన్నది, రేపూ ఉంటుందని తెలిస్తే పక్కన కూర్చున్న మనిషికి గుండె దిటవుగా ఉంటుంది. చేతనున్న నాలుగు డబ్బులు మందులకో, ఊరికి వెళ్లే బస్సుకో దాచుకోవచ్చు. ఆదివారం ఐదు రకాలు పంచి బుధవారం కనబడకపోతే ఎవరు దేన్ని లెక్కపెట్టుకుంటారు?

2023 ఆగస్టు 6

ఆయన మళ్లీ ఆటో తీస్తున్నాడు, సాయంత్రాలు మాత్రమే. కిస్తీల బాకీ తీరింది. ఈ నెల నుంచి ఆస్పత్రిలో అన్నం పెట్టిన ఆ ఫౌండేషన్‌కే నెలకి 300 పంపుతున్నాను, జీతం పడిన రోజే. పంపడం మరిచిపోయే వీలు లేకుండా బ్యాంకుకే చెప్పేశాను. చిన్న మొత్తమే. ఆగకుండా వెళ్లడమే నాకు కావలసింది.

షాపుకి డొక్కా సీతమ్మగారి గురించిన పిల్లల పుస్తకం వచ్చింది. కోనసీమలో లంకల గన్నవరం ఇల్లాలు, 1909లో పోయారు. ఇంగ్లండు రాజు ఆహ్వానం పంపిన సంగతే అందరూ గొప్పగా చెబుతారు. నాకు మాత్రం గోదావరి దాటి వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా ఆ ఇంట్లో అన్నం దొరికిందన్న మాటే పెద్దదిగా తోచింది.

2024 జనవరి 18

సంక్రాంతికి మరిది వచ్చాడు. "వదినా, పాపది ఫస్ట్ బర్త్‌డే. అనాథాశ్రమంల కేక్ కోసి, పిల్లలకు బిర్యానీ పెడదామనుకుంటున్న. ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడిన" అన్నాడు. పన్ను మినహాయింపుకి 80జీ రసీదు ఇస్తారా అని కూడా అడిగాడు. ఆశ్రమానికి ఆ నమోదు ఉండి, డబ్బుగా ఇస్తే ఇస్తారు, కానీ కొత్త పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి ఆ మినహాయింపు వర్తించదని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మంచి మనసున్నవాడు. ఆస్పత్రిలో మాకు రక్తం ఇచ్చింది అతనే. అందుకే దాచకుండా చెప్పాను. ఆ పిల్లలు ప్రతి వారం ఎవరిదో ఒక పుట్టినరోజుకి చప్పట్లు కొడుతుంటారు, వాళ్ల పుట్టినరోజు ఎవరడుగుతారు? ఆ డబ్బుని పన్నెండు భాగాలు చేసి నెలనెలా ఆ ఆశ్రమానికే పంపు, పాప పేరు మీదే పంపు అన్నాను. "మరి అమ్మకి ఏం చూపియ్యాలె?" అన్నాడు. గిన్నెల ఫొటో తీసుకో, అన్నం ఫొటో తీసుకో, తినేవాళ్ల మొహాలు మాత్రం వద్దన్నాను.

ఆలోచిస్తానన్నాడు. ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇచ్చేశాడట. ఆదివారం ఫోన్ చేసి మళ్లీ అడగాలి.