గుర్రాన్ని వ్యాన్‌లో కట్టడం

పాడేరు, జి.మాడుగుల, హుకుంపేట పక్క కొండల మీది వూళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు గుర్రం కొత్త కాదు. జీపు ఎక్కలేని దారిలో కాఫీ గింజల మూటలు, మిరియాలు సంతకు దించేదీ, సంత నుంచి బియ్యం, ఉప్పు పైకి మోసేదీ అదే. దాన్ని నడిపించడం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వ్యాన్‌లో కట్టి తీసుకెళ్ళడం మాత్రం వేరే పని.

మా మావ కాఫీ డబ్బులన్నీ పెట్టి ఒక గుర్రం కొన్నాడు. రోడ్డు వున్నంత దూరం వ్యాన్‌లో తెచ్చారు. "పొట్టిగా, గట్టిగా కట్టండి, లేకపోతే పడిపోద్ది" అన్నాడు డ్రైవరు. నైలాన్ తాడుతో తలను పై కమ్మీకి బిగించేశారు. ఘాట్ మలుపులో దాని వెనక కాళ్ళు జారాయి. అది వెనక్కి గుంజుకుంది. గుంజినకొద్దీ ముడి బిగుసుకుపోయింది. ఎవరి వేళ్ళకీ రాలేదు. చివరికి కత్తితో తాడు కోశారు. గుర్రం బతికింది గానీ చెవుల వెనక తోలు లేచిపోయింది. ఆ పుండు మానేదాకా మూటలన్నీ అత్త నెత్తి మీదే దిగాయి.

ఎద్దు వేరు, గుర్రం వేరు. ఎద్దుకు ముకుతాడు వుంటుంది, గుర్రానికి ముక్కు కుట్టరు. భయమేస్తే పారిపోవడమే దానికి తెలిసిన విద్య. తల కదలకపోతే ఆ భయం ఇంకా పెరిగి, ఒళ్ళు బరువంతా వెనక్కి వేసి లాగుతుంది. కళ్ళెంతో కట్టేస్తే నోట్లో ఇనుము నోరు కోసేస్తుంది. మెడకు ఉచ్చు వేస్తే వూపిరాడదు. అందుకే కట్టడానికి తలకట్టు వేరే వుండాలి. ముక్కు మీదుగా ఒక పట్టీ, చెవుల వెనక ఒక పట్టీ, గడ్డం కింద రింగు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. మరీ వదులైతే వెనక కాలితో చెవి గోక్కునేటప్పుడు డెక్క అందులో ఇరుక్కుంటుంది. ముక్కు పట్టీ కిందికి జారి మెత్తటి చోట నొక్కకూడదు.

నైలాన్ చవక, వానకు కుళ్ళదు. కానీ తెగదు, అదే దాని చిక్కు. తోలు తలకట్టు ఖరీదు, నూనె రాస్తూ వుండాలి, అయినా ప్రాణం మీదికి వస్తే తెగిపోతుంది. తోలు కొనలేనివాళ్ళకి నాకు తోచిన మంచి దారి, కమ్మీకి గోనె పురికొసతో చిన్న చుట్టు వేసి, తాడును ఆ చుట్టుకే కట్టడం. మామూలు కుదుపుకు పురికొస ఆగుతుంది, బెదిరి గుంజితే తెగుతుంది. తెగితే గుర్రం పారిపోదా అని మావ అడిగాడు. మూసిన వ్యాన్‌లోంచి ఎక్కడికి పోద్ది?

తాడు మూపు ఎత్తున కట్టాలి. కాలు దాటేంత పొడవు వద్దు, తల బొత్తిగా దించలేనంత పొట్టిగానూ వద్దు. గంటల తరబడి తల పైకే వుంటే ముక్కులోకి పోయిన దుమ్ము, చీమిడి కిందికి కారవు, వూపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. దూరమైతే మధ్యలో ఆపి తల దించనివ్వాలి. తాడును చేతికి చుట్టుకోవద్దు, వేళ్ళు పోతాయి.

అన్నిటికన్నా వరస ముఖ్యం. ఎక్కించాక ముందు వెనక అడ్డకర్ర వేయాలి, తర్వాతే తల కట్టాలి. దించేటప్పుడు ముందు తల విప్పాలి, తర్వాతే వెనక తెరవాలి. తల కట్టి వుండగా వెనక ఖాళీ కనిపిస్తే అది వెనక్కి దూకుతుంది, తాడు ఆపుతుంది, మళ్ళీ మా మావ గుర్రం కథే.

ముడి కూడా ఒక్క లాగుకు వూడేది వుండాలి. తాడును చుట్టులోంచి తెచ్చి, మడత పెట్టి, ఆ మడతనే దూర్చాలి, కొసను కాదు. కొస లాగితే చాలు. మా మావ గుర్రం ఈ కిటుకు కనిపెట్టి పళ్ళతో తనే విప్పుకుంటోంది! దాని కోసం కొసను అందకుండా దూరంగా వేలాడదీయాల్సి వస్తోంది.

రాతలో ముడి అర్థం కాదు. చూడాలనుకునేవాళ్ళు ఆదివారం బట్టలు వుతికే చోటికి రండి. వార్డెన్ గారు తాడు ఇస్తామన్నారు, పురికొస మీరే తెచ్చుకోండి.