పదాల జత – అభ్యాసంలో ఎడం

యాప్రాల్‌లో సైనిక కుటుంబాల పిల్లలకు తెలుగు చెబుతున్నప్పుడు నన్ను ఆలోచింపజేసినవి విడిపదాలు కావు, పదాల జతలు. హిందీలో ‘పహన్‌నా’ అనే ఒక్క క్రియ చీరకూ, చొక్కాకూ, ఉంగరానికీ సరిపోతుంది. తెలుగులో చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, ఉంగరం పెట్టుకుంటాం. అర్థం కొంత దారి చూపినా, నిర్ణయించేది వాడుకే.

ఒక జతనే ఒకనాడు వల్లె వేయిస్తే నాలుక తిరుగుతుంది. ఎంపిక అవసరం కలగదు. మూడింటినీ కలిపి, రోజుల ఎడంతో అడిగితే జవాబు ఆలస్యమవుతుంది. కాని ప్రతిసారీ నామానికి తగిన క్రియను వెతుక్కోవలసివస్తుంది. ఆవృత్తులను రోజుల మీద పంచడమే మేలని ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే నిరర్థకాక్షరాలతో చూపాడు.

2018 చట్టం తెలంగాణ బడులలో తెలుగును తప్పనిసరి చేసింది. బదిలీలపై వచ్చిపోయే ఈ పిల్లలకు దొరికే కాలం స్వల్పం. కనుక పాఠంలోని జత ఆ పాఠంతోనే ముగియక, తరువాతి పాఠాలలోనూ పలకాలి.