చిన్న ట్యాబా, పెద్ద ట్యాబా: ఒక కంటి డాక్టరు మాట

కళ్ళజోడు నంబరు రాసి చీటీ చేతికిచ్చాక, కుర్చీలోంచి లేవబోతూ అడుగుతారు: "డాక్టరు గారూ, మావాడు ట్యాబ్ కొంటానంటున్నాడు. చిన్నది మంచిదా, పెద్దది మంచిదా?" కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులతో మొదలైన ప్రశ్న ఇది. క్లాసులు పోయాయి గానీ ప్రశ్న పోలేదు. అప్పట్లో తల్లిదండ్రులు పిల్లల కోసం అడిగేవారు, ఇప్పుడు పిల్లలు తల్లిదండ్రుల కోసం అడుగుతున్నారు.

చిన్నదంటే 8 అంగుళాల పైచిలుకు తెర, 300 గ్రాములకు అటూ ఇటూ బరువు. పెద్దదంటే 11 నుంచి 13 అంగుళాలు, అరకిలో అటూ ఇటూ. బ్యాటరీ, కెమెరా, ధరల సంగతి కొట్టువాడు చెబుతాడు. నేను అడిగేవి వేరు. చూసేదెవరు? ఎంత దూరంలో పెట్టుకుని చూస్తారు? వాళ్ళ కంట్లో చూపు ఏ భాగంలో మిగిలింది? మొదటి రెండూ ఎవరికైనా తడతాయి. మూడోది అడిగితే వింతగా చూస్తారు. చాలామంది విషయంలో ట్యాబ్ సైజు తేల్చేది మాత్రం ఆ మూడోదే.

మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారొకరు ఉన్నారు. (పేషెంట్ల వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.) డెబ్భై దాటాయి. రెండు కళ్ళకీ వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. మాక్యులా అంటే రెటీనాకు నట్టనడుమ ఉండే చిన్న చోటు. అక్షరం చదవాలన్నా, మొహం గుర్తుపట్టాలన్నా అదే దిక్కు. అది దెబ్బతిన్నవాళ్ళు గదిలో నిక్షేపంగా తిరుగుతారు, ఎదురుగా నిలబడ్డది అల్లుడో పాలవాడో పోల్చుకోలేరు. డాలస్‌లో ఉన్న కొడుకు, నాన్న పడక్కుర్చీలో వాలి చదువుకుంటారని, తేలిగ్గా ఉంటుందని ఐప్యాడ్ మినీ పంపాడు. మాస్టారికి పొద్దున్నే పేపరు చదవందే కాఫీ దిగదు. ట్యాబ్‌లో ఈ-పేపర్ తెరిచి నాలుగు రోజులు కుస్తీ పట్టి నా దగ్గరికి వచ్చారు. "అక్షరం ఉన్నట్టే ఉంటోందండీ, వత్తు మాత్రం ఎగిరిపోతోంది. సందర్భాన్ని బట్టి ఊహించుకుని చదువుతున్నా" అన్నారు.

తెలుగు అక్షరానికి తల మీద గుడి, పక్కన కొమ్ము, కాళ్ళ దగ్గర వత్తు. 'మ'కీ 'య'కీ, 'ప'కీ 'ష'కీ తేడా చిన్న మెలికలోనే ఉంది. అందుకే ఇంగ్లీషు సాఫీగా చదివే సైజులో తెలుగు చదవలేనివాళ్ళను రోజూ చూస్తుంటాను. ఇక తెర లెక్క చూద్దాం. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. 8.3 అంగుళాల మినీని నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు సుమారు 116. అంటే కాగితం మీది అక్షరం ఆ తెర మీద సగానికి కాస్త ఎక్కువగా మిగులుతుంది. 11 అంగుళాల తెర మీద ముప్పావు వంతు, 13 అంగుళాల దాని మీద దాదాపు అసలు సైజు. దినపత్రిక పేజీ ఏ4 కంటే బాగా పెద్దది, కాబట్టి ఈ-పేపర్ చదివేవారి అవస్థ ఇంకా ఎక్కువ.

వేళ్ళతో సాగదీసుకోవచ్చు కదా అంటారు పిల్లలు. సాగదీస్తే అక్షరం పెరుగుతుంది, పంక్తి తెర దాటిపోతుంది. కుడికి జరిపి చదివి, మళ్ళీ ఎడమకు లాక్కొచ్చేసరికి ఏ పంక్తిలో ఉన్నదీ తెలియదు. మాక్యులా పోయినవారికి అసలు కష్టం అక్కడే, పంక్తి మొదలు దొరకదు. పైగా మన మాటలు పొడుగు. 'చెప్పవలసివచ్చినప్పటికీ' లాంటి మాట ఒకటి పెద్ద అక్షరాల్లో వచ్చిందంటే చిన్న తెరలో ఒక పంక్తి దానికే చాలదు. మాస్టారిని కొడుక్కి ఫోన్ చేసి 13 అంగుళాలది తెప్పించుకోమన్నాను. స్టాండు మీద పెట్టి, కంటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరానికి తెచ్చి, ఆ దూరానికి సరిపడా బలమైన అద్దాలు రాశాను. ఇప్పుడు సంపాదకీయం దాకా చదువుతున్నారు, అందులో అచ్చుతప్పులు కూడా పట్టుకుంటున్నారట. మినీ వాళ్ళావిడ చేతికి పోయింది, వంటల వీడియోలకు.

ఇది విని పెద్దదే మేలని తీర్మానించుకునేవాళ్ళకు రెండో పేషెంటు సంగతి చెప్పాలి. సహకార బ్యాంకులో పనిచేసే అమ్మాయి. అమ్మానాన్నలది మేనరికం. చిన్నప్పటి నుంచీ రేచీకటి, పెద్దయ్యాక రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలింది. ఈ జబ్బులో చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వస్తుంది. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. చార్టు మీద 6/9 పంక్తి చదివేస్తుంది, గుమ్మం పక్కనున్న బల్లకు మాత్రం కొట్టుకుంటుంది. చెల్లెలికి చూపు తక్కువ కదా, పెద్దదైతే బాగా కనబడుతుందని వాళ్ళ అన్నయ్య ప్రేమగా 13 అంగుళాలది కొనిచ్చాడు. "వెతుక్కోవడంతోనే సరిపోతోంది సార్. బటన్ ఎక్కడుందో, మెసేజ్ ఎక్కడొచ్చిందో తెలియట్లేదు. అన్నయ్యతో అంటే బాధపడతాడు" అంది.

ఆ అమ్మాయికి మిగిలిన చూపు సుమారు 10 డిగ్రీలు. 40 సెంటీమీటర్ల దూరంలో 10 డిగ్రీలంటే అడ్డంగా 7 సెంటీమీటర్లు. 13 అంగుళాల తెరను నిలువుగా పెట్టినా వెడల్పు 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గొట్టంలోంచి గోడ చూసినట్టు ముక్క ముక్కగా చూసుకుని, మనసులో అతికించుకోవాలి. అక్షరాలు పెద్దవి చేస్తే ఇంకా అన్యాయం, ఆ 7 సెంటీమీటర్లలో మూడక్షరాలు పట్టవు. చిన్న ట్యాబ్, మధ్యరకం అక్షరాలు, నల్ల తెర మీద తెల్ల రాత: ఈ మూడూ కుదిరాక పని వేగం పెరిగింది. తెల్లటి తెర వెలుగు ఈ రోగుల కళ్ళకు మిరుమిట్లు గొలుపుతుంది, అందుకని నలుపు. అన్నయ్యను పిలిచి నేనే చెప్పాను. పెద్దది అతనే వాడుకుంటున్నాడు.

ముదిరిన నీటికాసుల (గ్లకోమా) జబ్బులోనూ అంచుల చూపే తరుగుతుంది కనుక ఇదే లెక్క. పక్షవాతం వచ్చి రెండు కళ్ళలోనూ కుడివైపు సగం చూపు పోయినవారి కథ కొంచెం వేరు. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి వాళ్ళకు రాబోయే మాట కనబడదు. వెడల్పాటి పంక్తి వాళ్ళకు శత్రువు. ట్యాబ్ నిలువుగా పెట్టి, పంక్తి పొట్టిగా ఉండేట్టు చూసుకుంటే కొంత నయం.

ఇక పిల్లలు. "చిన్న తెర అయితే కళ్ళకు తక్కువ హాని కదండీ" అని తల్లులు గట్టిగా నమ్ముతారు. తెర చిన్నదైతే వెలుగు తక్కువ, వెలుగు తక్కువైతే హాని తక్కువ అని వాళ్ళ లెక్క. పిల్లవాడు ఏం చేస్తాడో చూడమంటాను. తెర ఎంత చిన్నదైతే అంత దగ్గరికి లాక్కుంటాడు. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని చూడ్డానికి కంటి లెన్సు రెండున్నర డయాప్టర్ల శక్తి పెట్టాలి. 20కి తెస్తే అయిదు పెట్టాలి. పిల్లల కన్ను ఆ శ్రమకు ఏమీ అనదు, తలనొప్పి అని కూడా చెప్పదు, అదే చిక్కు. దగ్గర పని ఎక్కువై, ఎండలో ఆట తక్కువైన పిల్లల్లో హ్రస్వదృష్టి పెరుగుతోందన్నది ఇప్పుడు లోకమంతా ఒప్పుకున్న సంగతి. రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచమని నేను చీటీ మీద మందు రాసినట్టే రాస్తాను.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది, 8.7 అంగుళాలవి. లక్షల మందికి ఇచ్చేటప్పుడు ధర, బరువు, పుస్తకాల సంచిలో చోటు చూసుకోవాలి, ఆ సైజు ఎంచుకోవడాన్ని తప్పు పట్టను. ఎంత దూరంలో పట్టుకోవాలో చెప్పే బొమ్మ ఒకటి ట్యాబ్ వెనక అతికిస్తే బాగుంటుందని మాత్రం అనిపించింది. కొలత సులువే. పిడికిలి చెంప మీద ఆనించి మోచేయి ఎక్కడ ఆగుతుందో అక్కడ తెర ఉండాలి. ఇంట్లో పాఠం వీడియో చూడాలంటే దాన్ని టీవీకి కలపడం అన్నిటికంటే మేలు. ఇక రెండేళ్ళ లోపు పిల్లలకు ఏ సైజూ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది. అన్నం తినిపించడానికి తప్పదండీ అంటారు. మనం ట్యాబ్ చూస్తూ పెరిగామా?

హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కుర్రాడొకడు ఒక వస్తువు రెండుగా కనబడుతోందని వచ్చాడు. ఒక కన్ను ముక్కు వైపు తిరిగింది. మెదడు స్కాన్ మామూలుగానే ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే, దుప్పట్లో దూరి చిన్న ట్యాబ్‌ను జానెడు దూరంలో పెట్టుకుని గంటల తరబడి వీడియోలు చూసేవాడని తేలింది. దక్షిణ కొరియా వైద్యులు 2016లో స్మార్ట్‌ఫోన్ అతిగా వాడే 12 మంది పిల్లల్లో ఇలాంటి మెల్లకన్నునే వర్ణించారు. తెర మానిపిస్తే మా కుర్రాడికి చాలావరకు తగ్గింది. అందరికీ ఇంత తేలిగ్గా తగ్గదు, కొందరికి ఆపరేషన్ దాకా పోతుంది. పెద్ద ట్యాబ్‌కు ఉన్న పెద్ద సుగుణం, అది దుప్పట్లో ఇమడదు.

పడక సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒకావిడ, రాత్రిళ్ళు కుడికన్ను కాసేపు పూర్తిగా పోతోందని హడలిపోతూ వచ్చింది. మెడ రక్తనాళాల స్కాన్లు, గుండె పరీక్షలు అప్పటికే అయ్యాయి, అన్నీ బాగున్నాయి. ఆవిడ ఎడమవైపు తిరిగి పడుకుంటుంది. ఎడమకన్ను దిండులో. చీకటి గదిలో కుడికంటితో మాత్రమే చిన్న ట్యాబ్ చదువుతుంది. ఆపి లేచేసరికి ఎడమకన్ను చీకటికి అలవాటు పడి ఉంటుంది, కుడికన్ను వెలుగుకు అలవాటు పడి ఉంటుంది. ఆ కాసేపు కుడికన్నే గుడ్డిదైనట్టు అనిపిస్తుంది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫోన్లు చూసేవారి గురించి ఇదే వచ్చింది. రెండు కళ్ళతో చూడమన్నాను, అంతే, తగ్గిపోయింది. అలాగని ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారితే ఇదేలే అని ఊరుకోకూడదు, ముందు డాక్టరు చూడాలి. వెల్లకిలా పడుకుని చదివేవాళ్ళ చేతిలోంచి జారి మొహం మీద పడ్డ ట్యాబులు చేసిన గాయాలకూ కుట్లు వేశాను. అక్కడ మాత్రం పెద్దదాని దెబ్బే పెద్దది.

నలభై దాటినవారి ఫిర్యాదుల్లో సగం ట్యాబ్ తప్పు కాదు, కళ్ళజోడు తప్పు. చత్వారం అద్దాలు పుస్తకం దూరానికి, అంటే 35-40 సెంటీమీటర్లకు రాస్తాం. పెద్ద ట్యాబ్ కొని స్టాండు మీద పెడితే అది 55-60 సెంటీమీటర్లకు పోతుంది. పైఅద్దంలోనూ మసకే, కిందఅద్దంలోనూ మసకే. గడ్డం ఎత్తి, కిందఅద్దంలోంచి చూడబోయి, ఆడిటర్ ఒకాయన మెడనొప్పికి ఫిజియోథెరపీ కూడా చేయించుకున్నాడు. శుక్లాల ఆపరేషన్‌లో దూరపు చూపు లెన్సు పెట్టించుకున్నవారికి 40 సెంటీమీటర్లకు ప్లస్ 2.5 కావాలి, 50కి ప్లస్ 2 చాలు. ట్యాబ్ కోసం విడిగా ఒక జత రాసిస్తే ఆడిటర్ గారి మెడ కుదుటపడింది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినవారికి పెద్దది చేత్తో పట్టుకోవడం నరకం. స్టాండు ఉంటే పరవాలేదు, ప్రయాణాల్లో చేత పట్టుకునేవారైతే చిన్నదే.

నా సంగతి అడుగుతారా? తెల్లకోటు జేబులో పట్టేది చిన్నదే కనుక వార్డులో అదే తిప్పుతాను. రెటీనా స్కాన్ పేషెంటుకు చూపించి చెప్పాలంటే మాత్రం బల్ల మీద పెద్దది ఉండాల్సిందే.

రోగం లేని కంటికి, బల్ల దగ్గర కూర్చుని చదివేవారికి, స్కూలు పిల్లలకు నా ఓటు 11 అంగుళాలకే. మాక్యులా జబ్బుకు అంతకంటే పెద్దది. అంచుల చూపు తరిగినవారికి చిన్నది. కొనే ముందు, ఎవరు వాడతారో వారినే కొట్టుకు తీసుకెళ్ళండి, వారి కళ్ళజోడుతో సహా. వాళ్ళు రోజూ చదివేదే, తెలుగైతే తెలుగే, తెర మీద తెరిపించి పది నిమిషాలు చదివించండి. కంటికీ తెరకూ ఎంత దూరముందో టేపు పెట్టి కొలవండి, ఆ అంకె మీ కంటి డాక్టరుకు చెప్పండి. చూపు బాగా తగ్గినవారికి హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల లో విజన్ విభాగాలున్నాయి, ఏ సైజు ఎవరికి పనికొస్తుందో అక్కడ చెబుతారు. పేపరు కనబడట్లేదని నాన్నకు పెద్ద ట్యాబ్ ఆర్డరు పెట్టే కొడుకులకూ కూతుళ్ళకూ ఒక్క మనవి: ముందు ఆయన కంట్లో చుక్కలు వేయించి రెటీనా, కంటి నరం చూపించండి. శుక్లం వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.