అమ్మీ వాటా

మా ముందుగది తూర్పు పడమరలు 8 అడుగులు. అద్దెగోడకి మేకు కొట్టనివ్వరు కనక టీవీకి స్టాండు తప్పదు. పడమర మాకు కిబ్లా. నమాజు చేసేవాళ్ల ఎదుట బొమ్మలుండకూడదు. అందుకే స్టాండు తూర్పు గోడకే.

షాపాయన 18 అంగుళాల లోతున్నది చూపించాడు. "పై అరలో దేవుడి పటాలు పెట్టుకోండమ్మా" అన్నాడు.

"మా దేవుడికి పటం లేదు బాబూ, చోటే కావాలి" అంది అమ్మీ.

లెక్క చూడండి. పడమటి గోడకున్న దివాను రెండున్నర అడుగులు, జానమాజు 4. మిగిలేది అడుగున్నర. ఆ స్టాండు అదంతా మింగేస్తుంది. 32 అంగుళాల పలచటి టీవీకి 10 అంగుళాల లోతు చాలు. తక్కిన 8 అంగుళాలు, సజ్దాలో ఉన్న అమ్మీ పాదాల వెనక ఖాళీ.

మగవాళ్లం మసీదుకెళ్తాం. అమ్మీకి ఈ గదే మసీదు. మీ ఇళ్ల కొలతల్లో ఈ లెక్క ఎప్పుడైనా వచ్చిందా?