పస్తు వెనక వచ్చే ఆకలి

"రాత్రుళ్ళు ఆపుకోలేక తినేస్తున్నాను, దానికి మందివ్వండి డాక్టరుగారూ" అంటూ కొందరు నా దగ్గరికి వస్తారు. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగితే తల వంచుకుంటారు. పొద్దున ఏమీ ఉండదు. మధ్యాహ్నం ఓ గ్లాసు మజ్జిగ, రెండు కీరా ముక్కలు. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో గిన్నెల మూతలు తీయడం మొదలవుతుంది. మిగిలిన అన్నం, పిల్లల బిస్కెట్లు, డబ్బాలో చక్కెర. ఆ తర్వాత బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున వాంతి. మాత్ర రాయించుకోవడానికి వాళ్ళకి భయం లేదు. మూడు పూటలా తినమంటేనే వణికిపోతారు.

డిగ్రీ చదివే ఒకమ్మాయిని నా దగ్గరికి పంపింది పళ్ళ డాక్టరు. (ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలు మార్చి రాస్తున్నాను.) పై పళ్ళకి లోపలివైపు ఎనామిల్ అరిగిపోయి ఉంటే ఆయనకి అనుమానం వచ్చింది. కడుపులోని ఆమ్లం మాటిమాటికీ నోట్లోకి వస్తే జరిగేది అదే. బరువు మామూలుగానే ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బి ముఖం కాస్త గుండ్రంగా కనిపిస్తోంది. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద పళ్ళు గీరుకున్న మచ్చలు. రక్తంలో పొటాషియం బాగా తగ్గింది. అది ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుందని చెప్పినప్పుడు తల్లి నా మాట నమ్మలేదు. "మా అమ్మాయికి భక్తి ఎక్కువండీ. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసముంటుంది" అంది, గర్వంగానే.

ఉపవాసాన్ని నేను తప్పుపట్టను. కానీ వారంలో మూడు రోజుల పస్తుకి ఇంట్లో మెప్పు దొరుకుతున్నప్పుడు పస్తు, తిండి, వాంతుల ఈ జబ్బు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. జబ్బు చేసినవాళ్ళకి ఉపవాసం వద్దని మన పెద్దవాళ్ళే చెప్తారు కదా అన్నాను. అప్పుడు ఆ తల్లి ఆలోచనలో పడింది.

ఇలాంటి ఇళ్ళకి నేను అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్తాను. యుద్ధకాలంలో, 1944-45లో, యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి 24 వారాలపాటు రోజువారీ తిండిని దాదాపు సగానికి తగ్గించాడు. వాళ్ళు ఏరికోరి ఎంపిక చేసుకున్న, మనసు గట్టివాళ్ళు. కొన్ని వారాలకే తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు, కంచాలు నాకారు, చిరాకు, దిగులు, చలి. తిరిగి తిండి పెట్టాక కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. పొట్ట దగ్గర కొవ్వు చేరుతోందని బెంగపడ్డవాళ్ళూ ఉన్నారు. వీళ్ళెవరికీ అద్దం ముందు నిలబడి కుమిలిన చరిత్ర లేదు. పస్తే వాళ్ళని అలా చేసింది. ఇది విని ఆ తల్లి, "అయితే దీనిది పొగరు కాదన్నమాట" అంది. కూతురు ఏడ్చింది.

అందుకే వైద్యం గడియారంతో మొదలవుతుంది. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ఎప్పుడూ నాలుగు గంటలకి మించి ఎడం ఉండకూడదు. ఆకలైతే తిను అనే సలహా మొదట్లో పనికిరాదు, ఎందుకంటే ఆకలీ, కడుపు నిండడమూ రెండూ దారి తప్పి ఉంటాయి. తొలి వారాల్లో పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, కాళ్ళకి నీరు రావచ్చు. వైద్యం మానేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువగా అప్పుడే వెళ్ళిపోతారు, కాబట్టి ఆ మాట ముందే చెప్పి ఉంచాలి. బాగా ఎండిపోయి వచ్చిన పిల్లల సంగతి వేరు. బెంగకొద్దీ నెయ్యన్నం ఒక్కసారిగా పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, వాళ్ళని ఆసుపత్రిలో ఉంచే తినిపించాలి. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, రోజూ పలుమార్లు వాంతులు ఉంటే మర్నాటిదాకా ఆగకూడదు. ఎవరితో చెప్పుకోవాలో తోచనివాళ్ళకి మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా వృత్తిలోనివాళ్ళకీ ఒక మాట. నెలసరి ఆగిందని వచ్చిన అమ్మాయికి పీసీఓడీ అని, బరువు తగ్గమని చీటీ రాసేముందు ఆమె ఏం తింటోందో అడగాలి. తిండి చాలకపోయినా నెలసరి ఆగుతుంది.

తిండి దారిన పడ్డాక కూడా ఒంటి మీది అసహ్యం త్వరగా పోదు. అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గేది అదే. మణికట్టు చుట్టూ వేళ్ళు కలుస్తున్నాయా లేదా అని చూసుకోవడం, పొట్ట గిల్లి కొలవడం, రోజుకి ఎన్నోసార్లు బరువు చూసుకోవడం. ఒక్కొక్కటీ మాన్పించాలి. దీనికి ఇల్లు సాయం పట్టాలి. మన పలకరింపే ఒంటితో మొదలవుతుంది. "చిక్కిపోయావేంటే", "ఒళ్ళు చేశావే" అనేది ప్రేమతోనే. పెళ్ళి సంబంధాల వేళ ఆ ప్రేమ కూడా ఉండదు. కోలుకుంటున్న పిల్లకి "ఇప్పుడు కళగా ఉన్నావు" అన్నా "లావయ్యావు" అనే వినబడుతుంది. అందుకని ఒంటి గురించి పొగడ్త కూడా వద్దంటాను. ఆ అమ్మాయి అమ్మమ్మకి ఇది చాలా కష్టమైంది, మరి దాన్ని ఏమని పలకరించాలి అని నన్నే అడిగింది. చదువు గురించి, స్నేహితుల గురించి అడగమన్నాను. ఇక తల్లి, తానూ ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు అన్నం మానేసిందని మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు చెప్పింది. ఇప్పుడు కూతురితో కలిసి కూర్చుని తింటోంది.

ఆ అమ్మాయి చాలా నెలలు బాగున్నాక ఒక బంధువుల పెళ్ళిలో ఎవరో పిన్ని నోరు జారింది. ఆ రాత్రి పాత పద్ధతే, తినడం, వాంతి. అలాంటి రాత్రి తర్వాత మర్నాడు టిఫిన్ మానకూడదన్నది మా మధ్య ఒప్పందం. మానితే చక్రం మళ్ళీ తిరుగుతుంది. పొద్దున్నే ఫోన్ చేసి, "ఎనిమిదింటికి మూడిడ్లీలు తిన్నాను డాక్టరుగారూ" అంది. వాంతి సంగతి ఆ తర్వాత చెప్పింది. చట్నీ ఏమిటని అడిగాను.