నెఱ్ఱెలు చెప్పు పాఠము

మొయినాబాదునుండి చేవెళ్ళకు బోవు మార్గమున నిరుప్రక్కల నూడలు దింపుకొని నిలిచియున్న మఱ్ఱిచెట్లను మన విద్యార్థులందఱు నెఱుంగుదురు. ఒక మఱ్ఱి యాకారము మఱియొక మఱ్ఱికి లేదు. అయినను దూరమునుండి చూచి, ఇది మఱ్ఱి యని చిన్నపిల్లవాడును జెప్పగలడు. నియమ మొక్కటి, రూపములు వేయి. ఈ చిత్రమునుగూర్చి పిల్లలకును వారి తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వేసవిలో గండిపేట చెరువు, అనగా ఉస్మాన్ సాగరు, వెనుకకు దీసినపు డంచున నెండిన బురదను జూడుడు. కొలిచి కోసినట్లు పలకలు పలకలుగా నుండును. వానిని గీసినవా రెవ్వరును లేరు. పైపొర ముందుగా నెండి ముడుచుకొన జూచును. తడిగా నున్న క్రిందిపొర దానిని ముడుచుకొననీయదు. ఈ పెనుగులాట హెచ్చి మన్ను పగులును. పగిలినచోట బిగువు సడలును గనుక దాని ప్రక్కనే మఱియొక నెఱ్ఱె పుట్టదు. కొంత యెడముగా బుట్టును. పొర పలుచనైనచో పలకలు చిన్నవి, దళసరియైనచో పెద్దవి. మా తరగతి పిల్లలు రెండు పళ్ళెములలో నల్లరేగడి బురద నొకదాన బలుచగను, ఒకదాన మందముగను బోసి యెండబెట్టి, యీ సంగతిని గన్నులార జూచిరి.

1900 సంవత్సరమున ఫ్రాన్సు దేశస్థుడగు హెన్రీ బెనార్ పలుచని ద్రవపుపొర నడుగునుండి కాచి, దానియందు తేనెపట్టువంటి యాఱుమూలల గదు లేర్పడుటను వర్ణించెను. వేడి ద్రవము పైకి వచ్చును, చల్లనిది క్రిందికి దిగును. ఆ రాకపోకలే గదులు. ఇట్టివి వినినప్పుడు ప్రకృతియంతయు లెక్కకు లోబడినదని మనకు ధైర్యము కలుగును.

అట్టి ధైర్యముతో మేము పాఠము చెప్పుచున్న దినములలో నొక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చెను. ఆయన మొదటివానకే చేనంతయు పత్తి విత్తెను. పిదప వానలు మొగము చాటువేయగా గింజ మాడిపోయెను. అప్పు మాత్రము మొలచెను. "పంతులుగారూ, మీ శాస్త్రము గ్రహణమును నిమిషముతో సహా చెప్పును గదా! వచ్చు నెల వానమాట చెప్పలేదేమి? అది చెప్పలేని చదువు మావానికేల?" యని యడిగెను. కుమారుని బడి మానిపించి పనికి బంపవలెనని యాయన తలంపు.

ఆ ప్రశ్నకు సమాధానము అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అను వాతావరణ శాస్త్రజ్ఞునికి దొరకినది. 1961లో నాయన గణనయంత్రముచే వాతావరణపు లెక్కలు చేయించుచు, 0.506127 అను సంఖ్యకు బదులుగా 0.506 అని యిచ్చెను. ఆరంభమున రెండు లెక్కలును గలిసి నడచెను. కొంతకాలమునకు దేనిదారి దానిదయ్యెను. అడుగునుండి కాగుచున్న ద్రవపు లెక్కనే సంగ్రహించి, 1963లో నాయన యీ విషయమును బ్రకటించెను.

విద్యార్థులు దీనిని పలకమీదనే పరీక్షింపవచ్చును. 0.3ను 1 నుండి తీసివేసి, శేషమును 0.3చే గుణించి, లబ్ధమును 4 రెట్లు చేయుడు. 0.84 వచ్చును. దానితో మరల నట్లే చేయుడు. 0.301తో నారంభించి యిదే లెక్క వేఱుగా జేయుడు. పదవమారునకు మొదటిది సుమారు 0.04, రెండవది సుమారు 0.62 అగును. ఇందు జూదము లేదు, నియమభంగము లేదు. మొదటి యిసుమంత భేదమే పెరిగి పెద్దదయ్యెను. గ్రహముల గతులయందును భేదములు పెరుగునుగాని, యందుకు లక్షలకొలది యేండ్లు పట్టును. గాలివానలకు దినములు చాలును. కావుననే కొలదిదినముల వానసూచన నమ్మదగినది. రెండువారములు దాటిన పిమ్మట నేదినమున నేచేను తడియునో చెప్పుట సాధ్యముకాదు.

తెలియనిదానికి సిద్ధపడుటయు చదువే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలమందిని బొట్టనబెట్టుకొనెను. అటుపిమ్మట వరద వచ్చు దినమును గణించుచు గూర్చుండక, 1920 నాటికి మూసీపై ఉస్మాన్ సాగరును, 1927 నాటికి ఈసీపై హిమాయత్ సాగరును గట్టిరి. ఎప్పుడు వచ్చునో తెలియని నీటికి ముందుగానే చోటు చూపిరి.

ఆ బాలుడు పై లెక్కను దండ్రియెదుట బలకమీద జేసి చూపెను. తండ్రి చాలసే పా రెండు సంఖ్యలను జూచి, "అట్లైన చేనంతయు నొక్కనాడు విత్తరాదన్నమాట" యనెను. మే మింతకంటె బాగుగా జెప్పలేకపోయెడివారము. మఱుసటి యేడు నేల లోతుగా దడిసినదాక ఆగి, రెండు విడతలుగా విత్తెను. బాలుడు పై తరగతికి వచ్చి మాయెదుటనే కూర్చుండెను.